ఘనం, ద్రవం, వాయువు: చెరిగిపోయిన ఒక గీత చరిత్ర

తర్కం చదవబోయే విద్యార్థికి మొదట చేతికిచ్చే చిన్న పుస్తకం ‘తర్కసంగ్రహం’. పదిహేడో శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడని పండితుల మాట. గుణాలను వరసగా చెప్పుకుంటూ పోయే ఆ పుస్తకంలో ద్రవత్వం దగ్గర కాస్త ఆగాలి. వస్తువు మొట్టమొదట జారడానికి ఏ గుణం కారణమో అదే ద్రవత్వం అంటాడు అన్నంభట్టు. అది రెండు విధాలు. నీటిలో ఉన్నది సాంసిద్ధికం, స్వతహాగా ఉండేది. నేతిలోనూ బంగారంలోనూ ఉన్నది నైమిత్తికం, నిప్పు తగిలితే వచ్చేది. ఈ విభజన ఆయన కొత్తగా చేసింది కాదు, వైశేషికుల నుంచి శతాబ్దాలుగా వస్తున్నదే.

ఈ రెండు ముక్కల్లో గొప్ప చూపూ ఉంది, పెద్ద అడ్డంకీ ఉంది. నెయ్యి పేరుకున్నా కరిగినా నెయ్యే, మారింది గుణం మాత్రమే అనడం గొప్ప చూపు. నీటికి మాత్రం జారడం పుట్టుకతో వచ్చిందనడం అడ్డంకి. నీరు గడ్డకట్టడానికీ తిరిగి కరగడానికీ తేజస్సుతో సంయోగమే కారణమని వైశేషిక సూత్రాలు ఆనాడే చెప్పాయి. ఇంకొక్క అడుగు వేసి ఉంటే నీటి ద్రవత్వం కూడా నైమిత్తికమేనని తేలిపోయేది. ఆ అడుగు పడలేదు. గ్రీకుల దగ్గరా అంతే. ఎంపిడోక్లిస్ చెప్పిన నాలుగు మూలాలకు అరిస్టాటిల్ వేడి, చలువ, తడి, పొడి అనే లక్షణాలు తొడిగాడు. భూమి అంటే గట్టిది, నీరు అంటే పారేది, గాలి అంటే వ్యాపించేది. స్థితిని పదార్థంగా, పదార్థాన్ని స్థితిగా చూసే ఈ అలవాటు రెండు వేల ఏళ్ళు నిలిచింది.

మన నేల మీది ఎండకూ, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికీ ఒక పదార్థం ఎలా కనబడుతుందో అదే దాని స్వభావమని మనిషి నమ్మాడు. ఘన, ద్రవ, వాయు స్థితుల చరిత్ర అంతా ఆ నమ్మకం ఒక్కొక్క అంచే ఊడిపోయిన చరిత్ర.

మొదట విడివడింది గాలి. బ్రస్సెల్స్ వైద్యుడు వాన్ హెల్మాంట్ 62 పౌండ్ల బొగ్గు కాల్చి చూస్తే ఒక్క పౌండు బూడిద మిగిలింది. మిగతా 61 పౌండ్లు కంటికి కనబడకుండా పోయాయి. పోయినది మామూలు గాలి కాదని, దానికి ‘గ్యాస్’ అని కొత్త పేరు పెట్టాడు. ఆయన చనిపోయిన నాలుగేళ్ళకు, 1648లో, ఆ రచనలు అచ్చయ్యాయి. గాలి ఒకటి కాదు, అనేకం అని తేలడానికి అది ఆరంభం. అదే ఏడు సెప్టెంబరులో పాస్కల్ బావగారు పెరియే పాదరసపు గొట్టం పట్టుకుని ఫ్రాన్స్‌లోని పుయ్ ద దోమ్ కొండ ఎక్కాడు. పైకి పోయేకొద్దీ పాదరసం దిగింది. గాలికి బరువుందని, మనం ఆ బరువు కిందే బతుకుతున్నామని రుజువైంది. 1662లో బాయిల్ గాలి పీడనానికీ ఘనపరిమాణానికీ ఉన్న సంబంధాన్ని సూత్రంగా ఇచ్చాడు. పీడనం రెట్టింపైతే ఘనపరిమాణం సగమవుతుంది. ఘనాలకు గాని ద్రవాలకు గాని ఇలా అన్నిటికీ ఒకేలా వర్తించే సులువైన సూత్రం లేదు. వాయువులో అణువులు ఒకదానికొకటి దూరంగా ఉండటం వల్ల ఏ వాయువన్నది పెద్దగా లెక్కలోకి రాదు. ఈ కారణం తెలియడానికి మాత్రం మరో రెండు వందల ఏళ్ళు పట్టింది.

స్థితి మారేటప్పుడు లోపల ఏం జరుగుతుందో మొదట కొలిచినవాడు గ్లాస్గోలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్. అప్పటిదాకా అందరి ఊహ ఒకటే. మంచు కరిగే అంచుకు వచ్చాక ఇంకొంచెం వేడి తగిలితే చాలు, మొత్తం నీరైపోతుందని. బ్లాక్ ఒకే రకం గాజు కుప్పెలు రెండు తీసుకున్నాడు. ఒకదానిలో మంచు, రెండోదానిలో దాదాపు అంతే చల్లటి నీరు. రెండింటినీ ఒక పెద్ద గదిలో వేలాడదీశాడు. నీరు 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు రావడానికి అరగంట పట్టింది. మంచు కరిగి అదే వేడికి రావడానికి పదిన్నర గంటలు పట్టింది. గది వేడి అన్ని గంటలూ కుప్పెలోకి పోతూనే ఉంది, ఉష్ణమాపకం మాత్రం కదల్లేదు. లోపల దాగిన ఆ వేడికే గుప్తోష్ణం అని పేరు. నేటి లెక్కలో ఒక గ్రాము మంచును నీరు చేయడానికి 80 కెలోరీలు కావాలి, మరుగుతున్న నీటిని ఆవిరి చేయడానికి 540. అణువులను వాటి చోట్ల నుంచి కదిలించడానికయ్యే ఖర్చు మొదటిది, ఒకదాన్నుంచి ఒకదాన్ని పూర్తిగా విడదీయడానికయ్యే ఖర్చు రెండోది. ఈ రెండు అంకెల నిష్పత్తి ఒక్కటే చూసినా ద్రవం వాయువుకు చుట్టమా, ఘనానికి చుట్టమా అన్నది అర్థమైపోతుంది. మంచుకూ నీటికీ ఘనపరిమాణంలో తేడా పదో వంతు కూడా లేదు. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. తాకిడికి నీరు మంచులా లేకపోవచ్చు, అణువుల దగ్గరితనంలో మాత్రం దానికి మంచే సమీప బంధువు.

లవోయిజర్ దీన్ని ఇంకా ముందుకు నడిపాడు. భూమిని తీసుకెళ్ళి గురు, శని గ్రహాలున్న చలి ప్రాంతంలో పెడితే నదులూ సముద్రాలూ కొండలుగా గట్టిపడతాయని, గాలిలో కొంత భాగమైనా ఇక కనబడని వాయువుగా ఉండలేక మనమెరగని కొత్త ద్రవమవుతుందని ఊహించాడు. ఏ పదార్థమైనా మూడు స్థితుల్లోనూ ఉండగలదు, వేడి ఎంత అన్నదే తేడా. అన్నంభట్టు భాషలో చెప్పాలంటే ద్రవత్వమంతా నైమిత్తికమే. ఫ్రెంచి విప్లవం 1794లో ఆయన తల తీసింది. గాలి ద్రవమవడం చూడడానికి ప్రపంచం మరో ఎనభై మూడేళ్ళు ఆగింది.

1823లో లండన్‌లో ఫారడే మూసిన గాజు గొట్టంలో క్లోరిన్ హైడ్రేట్ స్ఫటికాలను వేడిచేస్తుండగా లోపల నూనె లాంటి చుక్కలు తేలాయి. చూడవచ్చిన డాక్టర్ పారిస్, గొట్టం సరిగ్గా కడగలేదని కుర్రవాణ్ణి మందలించాడు. మర్నాడు ఫారడే నుంచి ఆయనకు చిన్న చీటీ వచ్చింది, ఆ నూనె ద్రవ క్లోరిన్ అని. తర్వాత ఒక్కొక్క వాయువే లొంగుతూ వచ్చింది. 1845 నాటికి ఆరు మాత్రం మిగిలాయి: ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, మీథేన్. వీటిని ‘శాశ్వత వాయువులు’ అన్నారు. వియన్నాలో నాటరర్ వేల వాతావరణాల పీడనం పెట్టినా ఇవి చలించలేదు. పాత నమ్మకం, ఇవి స్వభావం చేతనే వాయువులన్న నమ్మకం, మళ్ళీ తలెత్తింది.

దానికి జవాబు అప్పటికే ఒక ఫిరంగి గొట్టంలో దొరికి ఉంది. 1822లో కాన్యార్ ద లా టూర్ అనే ఫ్రెంచి పరిశోధకుడు ఫిరంగి గొట్టంలో ద్రవమూ ఒక చెకుముకి గుండూ వేసి, మూసి, వేడిచేస్తూ అటూ ఇటూ వంచి చెవి పెట్టి విన్నాడు. గుండు ద్రవంలో దొర్లుతున్నంతసేపూ ఛపఛప చప్పుడు వచ్చింది. ఒక ఉష్ణోగ్రత దాటాక ఆ చప్పుడు ఆగిపోయింది. ద్రవపు మట్టమే మాయమైంది. ఆయన విన్నదానికి పూర్తి అర్థం చెప్పడానికి నలభై ఏడేళ్ళు పట్టింది.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ నడిబొడ్డు 1869, బెల్‌ఫాస్ట్. అక్కడి క్వీన్స్ కళాశాలలో థామస్ ఆండ్రూస్ సన్నటి గాజు గొట్టాల్లో కార్బన్ డై ఆక్సైడ్ నింపి, మరలు బిగిస్తూ ఒత్తిడి పెంచాడు. చల్లగా ఉన్నప్పుడు ఒత్తితే అది ద్రవమైంది. కిందిది ద్రవం, పైది వాయువు, మధ్య స్పష్టమైన గీత. 31 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి ఆ గీత మసకబారి, వంపు తగ్గి, మాయమైంది. ఆపైన ఎంత ఒత్తినా గీత రాలేదు. ఆ ఉష్ణోగ్రతకు మన పుస్తకాల్లో సందిగ్ధ ఉష్ణోగ్రత అని పేరు.

అంతకంటే లోతైనది ఆయన చూపించిన దారి. 20 డిగ్రీల దగ్గర వాయువుగా ఉన్న కార్బన్ డై ఆక్సైడ్‌ను ముందు 50 డిగ్రీలకు వేడిచేయండి. అప్పుడు గట్టిగా ఒత్తండి. ఆ ఒత్తిడి మీదనే మళ్ళీ 20 డిగ్రీలకు చల్లార్చండి. చేతిలో ఉన్నది ద్రవం. బయల్దేరినప్పుడు వాయువు. ఎక్కడా మరగలేదు, ఎక్కడా చుక్కలు పట్టలేదు, ఎక్కడా రెండుగా విడిపోలేదు. మరి వాయువు ద్రవమైన క్షణం ఏది? అలాంటి క్షణం లేదు. ద్రవానికీ వాయువుకూ మధ్య గోడ ఉన్నమాట నిజం. ఆ గోడ ఒక చోట అంతమైపోతుంది, చుట్టూ తిరిగి అవతలికి పోవచ్చు. ఘనానికీ ద్రవానికీ మధ్య గోడకు అలాంటి చివర ఈనాటి వరకూ కనబడలేదు. స్ఫటికంలో అణువులకు బారులు తీరిన క్రమం ఉంటుంది, ద్రవంలో ఉండదు. క్రమం ఉండటమో లేకపోవడమో గాని, సగం సగం ఉండటం కుదరదు. ద్రవం, వాయువు రెండూ క్రమం లేనివే కనుక వాటి తేడా ఎంత దట్టం అన్నదాకానే. మూడు స్థితులను ఒకే వరసలో మూడు మెట్లుగా చెప్పడం వల్ల ఈ అసలు సంగతి మరుగున పడిపోతోంది.

ఆండ్రూస్ చూసినదానికి లెక్క కట్టినవాడు ఒక బడిపంతులు. లైడెన్‌లో వడ్రంగి ఇంట పుట్టిన వాన్ డెర్ వాల్స్‌కు లాటిన్, గ్రీకు చదివే స్థోమత లేక విశ్వవిద్యాలయ పరీక్షల తలుపు చాలాకాలం మూసి ఉంది. ఆ నిబంధన సడలాక, 1873లో, ముప్పై ఆరో ఏట సిద్ధాంతవ్యాసం ఇచ్చాడు. అందులో బాయిల్ సూత్రానికి చేసిన సవరణలు రెండే. అణువులకు కొంత చోటు కావాలి, అణువులు ఒకదాన్నొకటి లాగుతాయి. ఈ రెండూ కలిపితే వాయువూ ద్రవమూ ఒకే సమీకరణంలో ఇమిడిపోయాయి, సందిగ్ధ బిందువు దానంతటదే బయటపడింది. ఆ వ్యాసం చదవడం కోసమే కొందరు డచ్చి భాష నేర్చుకుంటున్నారని మాక్స్‌వెల్ రాశాడు. 1857లోనే జర్మనీకి చెందిన క్లాసియస్ మనం బడిలో చెప్పుకునే బొమ్మ గీశాడు: ఘనంలో అణువులు తమ చోటునే ఊగుతాయి, ద్రవంలో చోట్లు మారుతూ కలిసి ఉంటాయి, వాయువులో విడివడి దూసుకుపోతాయి. వాన్ డెర్ వాల్స్ ఆ బొమ్మకు అంకెలు ఇచ్చాడు. 1910లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది.

ఇక ‘శాశ్వత’ వాయువుల పని తేలిపోయింది. లోపం ఒత్తిడిలో లేదు, చలి చాలలేదంతే. ఆక్సిజన్ సందిగ్ధ ఉష్ణోగ్రత సున్నాకు 118 డిగ్రీలు దిగువన ఉంది. 1877 డిసెంబరులో ఫ్రాన్స్‌లో కాయెటే, జెనీవాలో పిక్టే కొద్ది రోజుల తేడాతో వేరువేరు దారుల్లో ఆక్సిజన్‌ను ద్రవబిందువులుగా చూశారు. గిన్నెలో నిలిచి ఉండేంత ద్రవ ఆక్సిజన్‌ను 1883లో క్రాకోలో వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ సాధించారు. 1895లో లిండే గాలిని ద్రవం చేసే యంత్రాన్ని పరిశ్రమకు అందించాడు. 1898లో డీవార్ హైడ్రోజన్‌ను లొంగదీశాడు. ఆయన కనిపెట్టిన శూన్యపు కుప్పెనే మనం థర్మాస్ ఫ్లాస్కు అని ఇళ్ళలో వాడుతున్నాం.

మిగిలింది హీలియం. దాని కథలో మన గుంటూరు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణి బిగించాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ఒక పసుపు గీత ఆనాటి పరిశీలకులకు కనబడింది. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాకియర్ గ్రహణం లేకుండానే దాన్ని చూసి, అది భూమి మీద ఎరగని మూలకానిదని వాదించాడు. ఆ మూలకమే హీలియం, 1895లో రామ్సే దాన్ని ఒక ఖనిజం నుంచి పట్టాడు. 1908 జులై 10న లైడెన్‌లో కామర్లింగ్ ఓన్నెస్ దాన్ని ద్రవం చేశాడు. పొద్దున్నే మొదలైన పని సాయంత్రానికి గాని ముగియలేదు. తీరా ద్రవం పోగయ్యాక ఎవరికీ కనబడలేదు, అది అంత స్వచ్ఛం. పాత్రకు కింది నుంచి వెలుగు పెట్టి చూడమని ఒక సహోద్యోగి చెప్పాకనే పైతలపు అంచు కత్తివాదరలా మెరిసింది. ఉష్ణోగ్రత సున్నాకు 269 డిగ్రీలు దిగువన. దాన్ని ఇంకా చల్లార్చి ఘనం చేయాలని ఆయన జీవితాంతం ప్రయత్నించాడు, సాధ్యం కాలేదు. 1926 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆ ఏడాదే ఆయన శిష్యుడు కీసమ్ చలితో పాటు పాతిక వాతావరణాల పీడనం కూడా పెట్టి ఘన హీలియం చేశాడు. ఒత్తిడి లేకుండా, పరమశూన్య ఉష్ణోగ్రతకు ఎంత దగ్గర చేసినా, హీలియం గడ్డకట్టదు. క్వాంటం సూత్రాల వల్ల అంత చలిలోనూ దాని పరమాణువులు కుదురుగా ఉండలేవు. చలి పెరిగితే ఏదైనా గట్టిపడుతుందన్న లవోయిజర్ నియమానికి ఇదొక్కటే మినహాయింపు. 1938లో కపిట్సా ఒకవైపు, ఆలెన్, మిజెనర్ మరోవైపు, 2.17 కెల్విన్ కింద హీలియం జిగట లేకుండా ప్రవహిస్తుందని ప్రకటించారు. పాత్ర గోడలెక్కి బయటికి జారే ద్రవం అది. అన్నంభట్టు వెతికిన సాంసిద్ధిక ద్రవత్వం ఎక్కడైనా ఉందంటే హీలియంలోనే ఉంది, నీటిలో కాదు.

ఘనాల లోపలి క్రమం కంటికి ఆనింది 1912లో. మ్యూనిక్‌లో లావె సూచన మీద ఎక్స్ కిరణాలను స్ఫటికం గుండా పంపితే చుక్కల ముగ్గు పడింది. మరుసటి ఏడాది బ్రాగ్‌లు ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరిన్ ఒకటి విడిచి ఒకటి ఎలా కూర్చున్నాయో చెప్పారు. స్ఫటిక సౌష్ఠవానికి గ్రూపు సిద్ధాంతాన్ని అన్వయించి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, వెంకటరాయుడు రాసిన గ్రంథం 1948లో వచ్చింది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఐ. రామకృష్ణారావు 1930లలో రామన్ ఫలితంతో మంచు, నీరు, ఆవిరి మూడింటినీ పరీక్షించి, అణువులు గుంపులు కట్టే తీరు మూడింటిలో ఎలా మారుతుందో చూశాడు. ద్రవాన్ని అర్థం చేసుకోవడమే అన్నిటికంటే కష్టమని తేలింది. వాయువు లెక్కకు సులువు, అణువులు విడిగా ఉంటాయి కనుక. స్ఫటికమూ సులువే, ఒక గదిని చూస్తే మేడ మొత్తం తెలుస్తుంది కనుక. ద్రవానికి ఆ రెండు సౌకర్యాలూ లేవు.

గాజు సంగతి ఇంకా చిక్కు. గట్టిగా ఉంటుంది, లోపల క్రమం ఉండదు. యూరప్ పాత చర్చిల కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉండటానికి కారణం గాజు వందల ఏళ్ళుగా కిందికి జారడమేనని ఇప్పటికీ చాలామంది చెబుతారు. అది తప్పు. ఆనాటి అద్దాల తయారీలోనే మందం హెచ్చుతగ్గులుండేవి. పగిలేంత పెళుసైన తారు మాత్రం నిజంగానే ప్రవహిస్తుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పార్నెల్ 1927లో గరాటులో పోసిన తారు నుంచి తొమ్మిదో చుక్క 2014లో రాలింది.

మూడుకు బయట ఉన్నవాటిని ఇక్కడ పేర్లతో సరిపెడతాను. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ చూసిన పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలున్నాయి. 145.5 డిగ్రీల దగ్గర మబ్బుగా కరుగుతుంది, 178.5 దగ్గర తేటపడుతుంది. అది ద్రవ స్ఫటికం, మన టీవీ తెరల్లోనిది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో చంద్రశేఖర్ బృందం బిళ్ళల ఆకారపు అణువులతో కొత్త రకం ద్రవ స్ఫటికాలను కనుగొంది. వాయువు బాగా వేడెక్కి పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటే ప్లాస్మా. నక్షత్రాల్లో అది ఎప్పుడు ఎంత జరుగుతుందో 1920లో మేఘనాథ్ సాహా సమీకరణం చెప్పింది. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ మొదలుపెట్టి ఐన్‌స్టీన్ పొడిగించిన గణితం ఊహించిన మరో స్థితి 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో రుబీడియం పరమాణువుల్లో కనబడింది.

ఇదంతా ప్రయోగశాలల గోల అనుకోవద్దు. వంటింటి సిలిండర్ ఊపితే లోపల ద్రవం కదులుతుంది. ప్రొపేన్ సందిగ్ధ ఉష్ణోగ్రత 97 డిగ్రీలు, బ్యూటేన్‌ది 152. మన ఎండాకాలం కూడా వాటికి చల్లనే, కనుక ఒత్తితే చాలు ద్రవమవుతాయి. ఆటో సీఎన్‌జీ ట్యాంకులో ఉన్నది మీథేన్. దాని హద్దు సున్నాకు 83 డిగ్రీలు దిగువన. అందుకే రెండు వందల బార్ల ఒత్తిడిలోనూ వాయువుగానే ఉంటుంది, ట్యాంకు గోడ అంత మందం కావాలి. 2021 ఏప్రిల్‌లో ఊపిరందక జనం అల్లాడుతున్నప్పుడు తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు కర్మాగారంలో ఏడు ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకు బయల్దేరింది. ఆక్సిజన్‌ను మామూలు ట్యాంకర్లలో ఒత్తి ద్రవంగా తేలేరా అని అప్పట్లో చాలామంది అడిగారు. తేలేరు. సున్నాకు 183 డిగ్రీల దిగువన చల్లగా ఉంచే ప్రత్యేక ట్యాంకర్లే కావాలి, అవి అప్పుడు దేశంలో చాలినన్ని లేవు. ప్రాణాల మీదికి వచ్చిన ఆ ప్రశ్నకు జవాబు ఆండ్రూస్ 1869లో చెప్పిందే.

ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యభారం తగ్గింపు పేరుతో పదకొండో తరగతి రసాయనశాస్త్రం నుంచి ‘పదార్థ స్థితులు’ అధ్యాయాన్ని తీసేసింది. సందిగ్ధ ఉష్ణోగ్రత, వాన్ డెర్ వాల్స్ సమీకరణం దానితోనే పోయాయి. అది తప్పు నిర్ణయం. ఆకారం ఉండటం, లేకపోవడం అనే చిన్న తరగతుల నిర్వచనం దగ్గరే పిల్లవాడు ఆగిపోతే 1869కి ముందు లోకంలోనే ఉండిపోతాడు. ఆ అధ్యాయాన్ని తిరిగి చేర్చాలి. చేర్చేదాకా మన సైన్సు మాస్టార్లు ఒక పీరియడు కేటాయించి, వంటగ్యాస్ సిలిండర్‌లో ద్రవం ఎందుకుందో, సీఎన్‌జీ ట్యాంకులో ఎందుకు లేదో పిల్లల చేత చెప్పించాలని కోరుతున్నాను.